పాత పోస్టాఫీసు రాళ్లు, పాతికేళ్ల అప్పు: మిల్వాకీలో పోలిష్ కూలీలు కట్టుకున్న చర్చి

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరం, దాని దక్షిణ భాగంలో లింకన్ అవెన్యూ. అక్కడ చుట్టూ చెక్కతో కట్టిన చిన్న చిన్న ఇళ్లు, వాటి మధ్య రోమ్‌లోని పేతురు బసిలికాను గుర్తుచేసే ఒక పెద్ద గుమ్మటం. అది పునీత యోసఫాత్ బసిలికా. లోపలికి వెళ్లే ముందు తలుపు పిడిని ఒకసారి చూస్తే అక్కడ సిలువ గుర్తో, మరియమ్మ బొమ్మో కనిపించదు, అమెరికా ప్రభుత్వ ఖజానా శాఖ ముద్ర కనిపిస్తుంది. చర్చి తలుపుకి సర్కారు ముద్ర ఎందుకొచ్చింది అంటే, ఆ పిడి, ఆ తలుపులకు ముందున్న గ్రానైట్ స్తంభాలు, గోడల్లో రాళ్లు, ఇవన్నీ ఒకప్పుడు చికాగోలో ఒక ప్రభుత్వ భవనానివి. దాన్ని కూల్చేస్తుంటే ఒక ఫాదర్ వెళ్లి మొత్తం కొనేసి, రైలు మీద తెచ్చేశారు.

ఈ చర్చి గురించి ఎవరు చెప్పినా ఈ కథే ముందు చెబుతారు. ఆసక్తిగా ఉంటుంది కాబట్టి చెప్పడంలో తప్పేం లేదు, కానీ అక్కడితో ఆపేస్తే మాత్రం అసలు సంగతి తప్పిపోతుంది. పొదుపుగా రాళ్లు కొన్న తెలివైన ఫాదర్ కథగా మాత్రమే మిగిలిపోతుంది. నిజానికి చవగ్గా దొరికిన ఆ రాళ్లే చర్చిని చాలా ఖరీదైనదిగా మార్చాయి, ఆ ఖర్చు తెచ్చిన అప్పు ఒక తరం మొత్తాన్ని పట్టి పీడించింది. రోజు కూలీతో బతికే వాళ్లు కట్టిన డబ్బుతో లేచిన చర్చి ఎవరిది, దాని మీద ఆఖరి మాట ఎవరిది అన్న గొడవ కూడా ఆ అప్పు చుట్టూనే రగిలింది. అందుకే రాళ్ల కంటే అప్పు గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి.

ముందు ఈ మనుషులెవరో చూద్దాం. 1772, 1793, 1795 సంవత్సరాల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడు విడతలుగా పోలండ్‌ని పంచేసుకున్నాయి. ఆ తర్వాత 1918 దాకా, అంటే 123 ఏళ్ల పాటు, పోలండ్ అనే దేశం మ్యాప్ మీద లేదు. మిల్వాకీకి వచ్చిన పోలిష్ వాళ్లలో ఎక్కువమంది ప్రష్యా అనే జర్మన్ రాజ్యం కింద ఉన్న ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. 1870ల్లో అక్కడి ప్రధాని బిస్మార్క్ ప్రభుత్వం కతోలిక సంఘం మీద పడింది, బిషప్‌లను జైల్లో పెట్టింది, బడుల్లో పోలిష్ భాషను అణిచేసింది. భాష మీద దెబ్బ, మతం మీద దెబ్బ ఒకే చేతి నుంచి పడ్డాయి కాబట్టి ఆ రెండూ వాళ్ల మనసులో విడదీయలేని ఒకే విషయం అయిపోయాయి. అమెరికా వచ్చాక పోలిష్‌లో పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసుకోగలిగే చర్చి కావాలి అని పట్టుబట్టడం వెనక ఉన్నది ఇదే.

మరి మిల్వాకీయే ఎందుకు? అది అప్పటికే జర్మన్ల ఊరు. ప్రష్యా నుంచి వచ్చిన పోలిష్ వాళ్లకు జర్మన్ కాస్తో కూస్తో వచ్చు కాబట్టి ఇంగ్లీష్ రాకపోయినా పని దొరుకుతుంది. పైగా బే వ్యూలో ఇనుము రోలింగ్ మిల్లు, తోళ్ల ఫ్యాక్టరీలు, ఫౌండ్రీలు ఉన్నాయి. పని కష్టమైనది, జీతం తక్కువ, కానీ ఉంది.

ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మే నెలలో మిల్వాకీ కార్మికులు సమ్మెకు దిగారు. పోలిష్ కార్మికులు పెద్ద సంఖ్యలో మిచెల్ వీధిలోని పునీత స్తనిస్లావ్ చర్చి దగ్గర గుమిగూడి రోలింగ్ మిల్లు వైపు నడిచారు. 1866లో మొదలైన ఆ చర్చి మిల్వాకీ పోలిష్ వాళ్లకు మొదటిది. మే 5న గవర్నర్ జెరెమియా రస్క్ పంపిన సైనికులు ఆ గుంపు మీద కాల్పులు జరిపారు, కనీసం ఏడుగురు చనిపోయారు. ఆ సైనిక దళాల్లో కొస్చుష్కో గార్డ్ అనే ఒక పోలిష్ దళం కూడా ఉంది. అంటే సొంత మనుషులకు ఎదురుగా సొంత మనుషులే తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. యోసఫాత్ విచారణ (ఒక చర్చి పరిధిలో ఉండే కతోలికుల సమాజాన్ని, అంటే పారిష్‌ని, తెలుగు కతోలికులు ఇలాగే అంటారు) మొదలైంది ఇది జరిగిన రెండేళ్లకు, 1888లో. చర్చిని కట్టినవాళ్లకు ఈ కాల్పులు ఎక్కడో చదివిన చరిత్ర కాదు, నిన్నా మొన్నా కళ్లముందు జరిగిన సంగతి.

ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో కూడా ఒక మాట. యోసఫాత్ కుంట్‌సెవిచ్ పోలండ్-లిథువేనియా ఉమ్మడి రాజ్యంలో పోలొట్స్క్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్). తూర్పు పద్ధతిలో పూజ చేస్తూ రోమ్‌తో ఐక్యంగా ఉన్న సంఘానికి చెందినవారు. 1623లో వీటెబ్స్క్‌లో జనం గుంపు ఆయన్ని చంపేసింది. 1867లో రోమ్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. అప్పటికి పోలిష్ భూముల్లో రష్యా పెత్తనం నడుస్తోంది, అంతకు కొన్నేళ్ల ముందే, 1863లో మొదలైన తిరుగుబాటును జార్ సైన్యం తొక్కేసింది. ఆ సమయంలో ఆ వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మనిషి) పేరు పలకడం అంటే లేని దేశాన్ని పేరు పెట్టి పిలవడం లాంటిదే.

యోసఫాత్ విచారణ మొదటి చర్చి కట్టిన కొద్దికాలానికే, 1889లో, కాలిపోయింది. మళ్లీ కట్టారు. కానీ జనం వచ్చిపడుతూనే ఉన్నారు, 1890ల మధ్యకి విచారణలో సుమారు 12,000 మంది అయ్యారు. ఒక చిన్న పట్టణం జనాభా అంత మంది ఒకే చర్చికి రావాలి! అప్పటి విచారణ గురువు ఫాదర్ విల్హెల్మ్ గ్రుత్జా పెద్ద చర్చి కట్టాలని నిర్ణయించుకున్నారు. వాస్తుశిల్పి ఎర్హార్డ్ బ్రీల్‌మయర్, జర్మనీలో పుట్టి మిల్వాకీలో స్థిరపడినవాడు, చర్చిలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. మొదటి ఆలోచన ఇటుకలతో కట్టడమే. మిల్వాకీలో ఇటుకలకు కరువు లేదు, అక్కడి మట్టితో కాల్చిన లేత పసుపు ఇటుకల వల్లే ఆ ఊరికి క్రీమ్ సిటీ అన్న పేరు కూడా ఉంది.

ఇక్కడే చికాగో కథలోకి వస్తుంది. 1871లో చికాగో నగరం తగలబడిపోయాక అక్కడ ప్రభుత్వం ఒక భారీ రాతి భవనం కట్టింది. పోస్టాఫీసు, కస్టమ్స్, కోర్టు అన్నీ ఒకే కప్పు కింద. 1879కి అది పూర్తయింది. కానీ చికాగో నేల మెత్తటి బంకమట్టి, దాని మీద అంత బరువు నిలవలేదు. భవనం ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా కుంగిపోతూ, గోడలు బీటలు వారుతూ వచ్చింది. 20 ఏళ్లు కూడా నిండకుండానే, 1896లో కూల్చేయాలని తేల్చారు. నాణ్యమైన రాయి, చెక్కడం పని అయిపోయిన రాయి, కొత్త కొనుగోలుదారు కోసం పడి ఉంది. ఫాదర్ గ్రుత్జా దాన్ని 20,000 డాలర్లకు కొనేశారు. రాళ్లు, స్తంభాలు, కంచు కమ్మీలు, తలుపులు, పిడులతో సహా దాదాపు 500 రైలు వ్యాగన్లలో చికాగో నుంచి సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణం చేసి మిల్వాకీకి వచ్చాయి.

రైలు దిగిన రాళ్లను చూసి బ్రీల్‌మయర్ తన ప్లాన్ మార్చుకున్నాడు. మామూలుగా ముందు ప్లాన్ గీసి దానికి తగ్గట్టు రాయి చెక్కిస్తారు, ఇక్కడ రాయి ముందుంది కాబట్టి ప్లాన్ రాయికి తగ్గట్టు వంగింది. ఏ రాయి ఎక్కడిదో గుర్తులు పెట్టి, కొలతలు చూసి, వీలైనంత తక్కువ వృథా అయ్యేలా సర్దడం మామూలు బుర్రతో అయ్యే పని కాదు. ఒక పోస్టాఫీసు కోసం చెక్కిన రాళ్లు, మధ్యలో గుమ్మటం, నాలుగు వైపులా చేతులు చాచిన సిలువ ఆకారపు చర్చిగా మారాలి. ఆ చర్చి అమరికలో ఇటలీ పునరుజ్జీవన కాలపు పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది, రోమ్‌లోని పేతురు బసిలికా ఇందులో నమూనా. ఇంత పెద్ద గుమ్మటం ఆ రోజుల్లో అమెరికాలోనే చాలా అరుదు.

మేస్త్రీల పని మేస్త్రీలు చేశారు, మిగిలిన మోత పనిలో విచారణ వాళ్లే చేయి వేశారు. పగలంతా మిల్లులో నిప్పుల దగ్గర పని చేసి వచ్చినవాళ్లు మళ్లీ ఇక్కడ మట్టి తవ్వడం, రాళ్లు మోయడం. అప్పట్లో నైపుణ్యం లేని కూలీకి రోజుకు డాలరు, డాలరున్నర దొరికితే గొప్ప. ఆ లెక్కన చూస్తే 20,000 డాలర్లు అంటే వాళ్లకు ఎంతో ఊహించుకోవచ్చు. పైగా అది రాళ్ల ధర ఒక్కటే.

చాలా చోట్ల ఈ కొనుగోలును ఎంత చవగ్గా కొట్టేశారో చూడండి అన్నట్టు రాస్తారు, ఒప్పుకోవడం కష్టం. రాయి చవక, నిజమే. కానీ ఇటుక చర్చి నుంచి రాతి చర్చికి మారడం అంటే పునాది మారుతుంది, గోడల మందం మారుతుంది, పైకెత్తే యంత్రాలు, రాతి మేస్త్రీల కూలీ, రైలు కిరాయి, గుమ్మటం కోసం ఇనుము, పని సాగే ఏళ్లు, అన్నీ మారతాయి. పాత ఇల్లు కూల్చిన టేకు దూలాలు చవగ్గా వచ్చాయని కొన్నాక, ఆ దూలాల సైజుకి సరిపోయే మిద్దె కట్టాల్సి వచ్చి అప్పుల పాలైన కుటుంబాలు మన ఊళ్లలోనూ ఉంటాయి. ఇది ఆ లెక్కే, వెయ్యి రెట్లు పెద్దది. మొదట వేసుకున్న అంచనాకు చివరికి తేలిన ఖర్చుకు పొంతన లేదు.

1901 వేసవిలో, రోమ్ తరఫున అమెరికాలో ఉన్న కార్డినల్ సెబాస్టియన్ మార్టినెల్లి వచ్చి చర్చిని ప్రతిష్ఠించారు. ఐదేళ్ల పని ముగిసింది. కొద్ది వారాలకే ఫాదర్ గ్రుత్జా చనిపోయారు. అప్పు ఎవరి పేరు మీద ఏయే మాటలతో తెచ్చారో బాగా తెలిసిన మనిషి పోయాడు, లక్షల డాలర్ల బాకీ విచారణకు మిగిలింది. ఆయన్ని నిందించడం తేలిక. కానీ 12,000 మందికి చోటు లేక బయట నిలబడాల్సి వస్తుంటే ఒక గురువు ఏం చేయాలి అన్నది కూడా ఆలోచించాలి. ఆయన లెక్క తప్పారు, ఉద్దేశం తప్పలేదు.

లోపల ఏమైందో చూస్తే అప్పు బరువు గోడల మీదే చదవొచ్చు. 1902లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుంచి రంగుటద్దాల కిటికీలు వచ్చాయి. 1904లో తదేయుష్ జుకొతిన్‌స్కి అనే పోలిష్ చిత్రకారుడు పునీత యోసఫాత్ వేదసాక్షి మరణాన్ని పెద్ద చిత్రంగా గీశాడు. ఆ తర్వాత చాలాకాలం పెద్ద పనులేమీ లేవు. ఈరోజు వెళ్లినవాళ్లు నోరు తెరుచుకుని చూసే బంగారు రేకులు, గుమ్మటం లోపలి చిత్రాలు, గోడల నిండా బైబిల్ ఘట్టాలు 1926కి గానీ పూర్తికాలేదు, అవి ఇటాలియన్ చిత్రకారుడు గొనిప్పో రాజ్జీ పర్యవేక్షణలో జరిగాయి. అప్పు తీరింది 1925లో. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇక వేరే వివరణ అక్కర్లేదు. ఒక తరం పిల్లలు ఈ చర్చిలో బాప్తిస్మం పొంది, పెళ్లీడుకి వచ్చేదాకా ఈ అలంకారాల్లో చాలావరకు చూడనే లేదు.

ఇప్పుడు అసలు గొడవ. డబ్బు ఎవరిది, మాట ఎవరిది?

అమెరికాలో కతోలిక చర్చి ఆస్తి మీద అధికారం బిషప్ చేతిలో ఉంటుంది. పోలిష్ విచారణల్లో అయితే డబ్బు పోగు చేసేది జనం, స్థలం కొనేది జనం, అప్పు వడ్డీ కట్టేది జనం. మిల్వాకీ అగ్రపీఠాధిపతులు వరుసగా జర్మన్ మాట్లాడేవాళ్లే, ఫ్రెడరిక్ కాట్జర్ ఆస్ట్రియా మనిషి, 1903లో వచ్చిన సెబాస్టియన్ మెస్మర్ స్విట్జర్లాండ్ మనిషి. జర్మన్ పాలన నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఇక్కడ కూడా జర్మన్ మాట్లాడే పెద్దలే పైన కూర్చుంటే ఎలా ఉంటుంది? మెస్మర్ బిస్మార్క్ కాదు, పోలిష్ పూజను ఆపలేదు, అది నిజం. కానీ పాత గాయం ఉన్నచోట చెయ్యి మెల్లగా తగిలినా నొప్పి నొప్పే.

ఈ నొప్పికి గొంతు ఇచ్చిన పత్రిక కుర్యెర్ పోల్‌స్కి. మిహావ్ క్రుష్కా 1888లో మొదలుపెట్టిన ఈ పోలిష్ దినపత్రిక మిల్వాకీలో పోలిష్ వాళ్ల ఇంటింటికీ చేరింది. క్రుష్కా 1896లోనే ప్రభుత్వ బడుల్లో పోలిష్ నేర్పాలని ఉద్యమం నడిపాడు. చాలామంది పోలిష్ చర్చి గురువులే దాన్ని వ్యతిరేకించారు, ఎందుకంటే అక్కడ పోలిష్ దొరికితే పిల్లలు విచారణ బడి మానేసి ప్రభుత్వ బడికి పోతారు. పోలిష్‌తనం కాపాడాలి అన్న మాట మీద అందరూ ఒకటే, ఎవరి చేతిలో ఉంచి కాపాడాలి అన్న దగ్గర మాత్రం చీలిక. యోసఫాత్ అప్పు ఈ చీలికకు మరింత ఆజ్యం పోసింది. లెక్కలు అడిగే హక్కు మాకు లేదా అని పత్రిక రాస్తే, చర్చి పరువు తీస్తున్నారు అని అటువైపు నుంచి జవాబు.

మిహావ్ సోదరుడు వాత్స్‌వావ్ క్రుష్కా స్వయంగా గురువు. ఆయన అడిగిన ప్రశ్న మరీ సూటిది: అమెరికా కతోలికుల్లో ఇంతమంది పోలిష్ వాళ్లుంటే ఒక్క పోలిష్ బిషప్ కూడా ఎందుకు లేడు? ఆ ప్రశ్న పట్టుకుని రోమ్ దాకా వెళ్లాడు. 1908లో పాల్ రోడే చికాగోలో సహాయ బిషప్ అయ్యారు, అమెరికాలో బిషప్ అయిన మొదటి పోలిష్ మనిషి. మిల్వాకీకి మాత్రం పోలిష్ సహాయ బిషప్ రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఈలోపు 1912లో మెస్మర్, చుట్టుపక్కల బిషప్‌లు కలిసి కుర్యెర్ పోల్‌స్కి చదవొద్దు, చదివితే చర్చి ఇచ్చే పవిత్ర సంస్కారాలు ఉండవు అన్నంత గట్టిగా లేఖ విడుదల చేశారు. మిహావ్ క్రుష్కా నష్టపరిహారం కోరుతూ కోర్టుకు వెళ్లి ఓడిపోయాడు. పత్రిక మాత్రం ఆగలేదు.

ఇది మిల్వాకీ ఒక్కదాని కథ అనుకుంటే పొరపాటు. డెట్రాయిట్‌లో ఫాదర్ దొమినిక్ కొలాసిన్‌స్కిని 1885లో బిషప్ తొలగిస్తే జనం వీధుల్లోకి వచ్చి గొడవ చేశారు. ఆయన తిరిగొచ్చి, బిషప్‌తో సంబంధం లేకుండా జనం డబ్బుతోనే మరియమ్మ మధుర హృదయం పేరుతో మహా పెద్ద చర్చి కట్టించారు, అది 1893లో పూర్తయింది, మరుసటి ఏడు రాజీ కుదిరింది. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో రాజీ కుదరలేదు. అక్కడ బొగ్గు గని కార్మికులు మేం కట్టిన చర్చి ఆస్తి మీద మాకు హక్కు కావాలి అన్నారు, ఫాదర్ ఫ్రాన్సిస్ హొదూర్ 1897లో వాళ్లతో నిలబడ్డారు, రోమ్ కాదంది, చివరికి పోలిష్ నేషనల్ కతోలిక సంఘం అనే విడి సంఘమే పుట్టింది. పూజ పోలిష్‌లో, ఆస్తి విచారణ జనానిది. చికాగోలో అయితే పోలిష్ వాళ్లు పేటలనే చర్చి పేర్లతో పిలుచుకునేవారు, స్తనిస్లావ్ చర్చి చుట్టూ ఉన్న పేట స్తనిస్లావొవొ, త్రిత్వం చర్చి చుట్టూ ఉన్నది త్రూయ్‌త్సొవొ. ఆ రెండు చర్చిలూ నడిచి వెళ్లేంత దూరంలో ఉండి, ఒకటి గురువుల వర్గానికి, ఇంకొకటి జాతీయవాద వర్గానికి కోటలుగా దశాబ్దాల పాటు కొట్టుకున్నాయి.

ఇన్ని చోట్ల ఒకే రకం గొడవ వచ్చిందంటే కారణం మనుషుల మొండితనం కాదు, డబ్బు ప్రవహించే దారే అలాంటిది. పోలండ్ పల్లెల్లో చర్చి నిర్మాణానికి పెద్ద భూస్వామి డబ్బిచ్చేవాడు, అందుకు బదులుగా గురువు ఎంపికలో ఆ భూస్వామి మాటకు విలువ ఉండేది. అమెరికాలో ఆ భూస్వామి స్థానంలో వెయ్యి మంది కూలీలు నిలబడ్డారు. భూస్వామికి ఇచ్చిన విలువ మాకెందుకివ్వరు అని వాళ్లు అడగడం న్యాయమే. హొదూర్ వెంట వెళ్లినవాళ్లను తిరుగుబాటుదారులు అనేసి పక్కన పెట్టడం తేలిక, కానీ వాళ్లడిగిన లెక్క మాత్రం తప్పు కాదు.

యోసఫాత్ విచారణ చీలిపోలేదు. దగ్గరదాకా వచ్చి ఆగింది. 1910లో కాన్వెంచువల్ ఫ్రాన్సిస్కన్ సభ గురువులు చర్చి బాధ్యతను, దానితో పాటు అప్పును నెత్తిన వేసుకున్నారు. ఒక మఠ సభ వెనక ఉంటే అప్పులవాళ్లకు నమ్మకం, వడ్డీ భారం కొంత తేలిక. ఫాదర్ ఫెలిక్స్ బరాన్ హయాంలో ఇంటింటికీ తిరిగి వసూళ్లు చేశారు. చిల్లర డబ్బులే ఎక్కువ. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, పోలండ్ స్వాతంత్ర్యం కోసం చందాలు, అక్కడ ఆకలితో ఉన్న బంధువులకు పంపే డబ్బు, ఇన్నిటి మధ్య 1925లో ఆఖరి బాకీ తీరింది. 1929లో పోప్ పదకొండో పయస్ దీన్ని బసిలికాగా ప్రకటించారు, అమెరికాలో ఆ గౌరవం అందుకున్న మూడో చర్చి ఇది. పెద్ద ఆర్థిక మాంద్యం మొదలైంది కూడా 1929లోనే. అప్పు ఇంకో నాలుగైదేళ్లు ఆలస్యమై ఉంటే ఈ చర్చి గతి ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ఇంత డబ్బు కూలీల దగ్గర ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు చర్చి చుట్టూ ఉన్న ఇళ్లలోనే ఉంది. మిల్వాకీలో వాటిని పోలిష్ ఫ్లాట్ అంటారు. ముందు ఒక చిన్న చెక్క ఇల్లు కట్టుకునేవారు. కొంత డబ్బు చేతికొచ్చాక ఆ ఇంటిని యథాతథంగా జాకీలతో పైకి లేపి, కింద సగం నేలలోకి ఉండేలా ఇంకో వాటా కట్టి, అందులో అద్దెకు ఎవరినైనా పెట్టడమో, కొత్తగా వచ్చిన బంధువులకు ఇవ్వడమో చేసేవారు. సొంత ఇల్లు అంటే వాళ్లకు అంత పట్టుదల, సాటి కూలీల్లో అంత శాతం సొంత ఇళ్లున్నవాళ్లు అరుదు. ఆ అద్దె డబ్బులో, ఆ వాటాలో ఉన్న మనిషికి వండిపెట్టిన ఆడవాళ్ల కష్టంలో కొంత ప్రతి ఆదివారం చర్చి పళ్లెంలో పడేది. గుమ్మటం గురించి రాసిన పుస్తకాల్లో ఆర్కిటెక్టు పేరుంటుంది, ఫాదర్ పేరుంటుంది, ఈ ఆడవాళ్ల పేర్లు ఉండవు. ఇది సరిదిద్దాల్సిన లోటు.

ఇంకో సంగతి వదిలేస్తే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. బసిలికా నుంచి లింకన్ అవెన్యూ మీద కాస్త నడిస్తే కొస్చుష్కో పార్కు వస్తుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోనూ, పోలండ్ కోసమూ పోరాడిన తదేయుష్ కొస్చుష్కో గుర్రం మీద ఉన్న విగ్రహాన్ని 1905లో అక్కడ నిలబెట్టారు, అది కూడా పోలిష్ జనం చందాలతోనే. 1967 ఆగస్టు 28న ఫాదర్ జేమ్స్ గ్రొప్పి, నల్లజాతి యువకులతో కలిసి, పదహారో వీధి వంతెన దాటి ఆ పార్కు దాకా ఊరేగింపు తీశారు. ఇల్లు అద్దెకు ఇవ్వడంలో, అమ్మడంలో జాతి వివక్ష ఉండకూడదు, దానికి నగరంలో చట్టం కావాలి అన్నది వాళ్ల డిమాండ్. నగర కౌన్సిల్‌లో వెల్ ఫిలిప్స్ ఆ బిల్లును 1962 నుంచి పెడుతూనే ఉన్నారు, ప్రతిసారీ ఓడిపోతూనే ఉంది. ఆ రోజు, మర్నాడు, దక్షిణ మిల్వాకీలో వేల మంది తెల్లవాళ్లు రోడ్ల మీదకొచ్చి ఆ ఊరేగింపు మీద రాళ్లు, సీసాలు విసిరారు, బూతులు తిట్టారు. వాళ్లలో పోలిష్ కుటుంబాల వాళ్లు చాలామంది ఉన్నారు. ఊరేగింపులు మాత్రం వరుసగా 200 రోజులు సాగాయి. 1968లో చట్టం వచ్చింది.

తాతలు దేశం లేక, గౌరవం లేక, ఒక చోటు కోసం తవ్విన నేల అది. మనవలు అదే నేల మీద ఇంకొకరికి చోటు లేదన్నారు. ఇల్లు, విచారణ, పేట అన్నీ ఒక్కటైపోయిన చోట, ఎంతో కష్టపడి కట్టుకున్నది చేజారిపోతుందేమో అన్న భయం ఎంత బలంగా ఉంటుందో దీనితో కొంత అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, సమర్థించడం వేరు. ఆ రోజు సీసా విసిరిన చెయ్యి తప్పు చేసింది. గ్రొప్పి కూడా దక్షిణ మిల్వాకీలోనే పుట్టి పెరిగిన కతోలిక గురువు అన్నది మర్చిపోకూడదు.

ఆ తర్వాత పోలిష్ కుటుంబాల్లో చాలామంది శివార్లకు వెళ్లిపోయారు. మిల్లులు మూతపడ్డాయి. ఆ ఇళ్లలోకి మెక్సికో నుంచి, ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబాలు చేరాయి, ఇప్పుడు ఆ వీధుల్లో ఎక్కువగా వినిపించేది స్పానిష్. వాళ్లలోనూ ఎక్కువమంది కతోలికులే. ఇలాంటి మార్పు వచ్చిన చాలా నగరాల్లో పోలిష్ చర్చిలు నిలవలేదు. చికాగోలో పిల్సెన్ పేటలో ఉన్న పునీత అదాల్‌బర్ట్ చర్చిలో కూడా పోలిష్ వాళ్ల తర్వాత మెక్సికన్ కుటుంబాలు చేరాయి, మరమ్మతుల ఖర్చు కోట్లలో తేలింది, రెండు జాతుల భక్తులూ కలిసి వద్దని పోరాడినా 2019లో మూసేశారు. కట్టినప్పుడు పునాది ఎంత లోతుగా తవ్వాలో లెక్కేస్తారు గానీ, వందేళ్ల తర్వాత కప్పు కారితే ఎవరు బాగుచేయిస్తారు అన్న లెక్క ఎవరూ వేయరు.

యోసఫాత్‌కి ఆ లెక్క ఇంకో దారిలో కుదిరింది. 1973లో జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. 1991లో ఒక ఫౌండేషన్ పెట్టి, విచారణ వాళ్లే కాకుండా ఊళ్లోని వ్యాపారులు, కతోలికులు కానివాళ్లు కూడా చందాలు ఇచ్చేలా చేశారు, ఆ డబ్బుతో లోపలా బయటా పునరుద్ధరణ సాగింది. కూలీల పళ్లెం డబ్బుతో లేచిన చర్చి ఇప్పుడు ఊరందరి చందాతో నిలబడుతోంది. ఇది మంచి మార్పే, కాకపోతే పర్యాటకుల కోసం మెరిసే భవనంగా మాత్రమే మిగిలిపోకుండా, వీధిలో ఉన్న కుటుంబాల పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, అంత్యక్రియలు జరిగే విచారణగా ఉండటం ఫౌండేషన్ చేతిలో లేదు, అది ఆ పేట చేతిలో ఉంది.

చికాగోలో ఉండే మన తెలుగువాళ్లకు మిల్వాకీ గంటన్నర దారి. వెళితే ముందు బయట గ్రానైట్ స్తంభాల దగ్గర ఆగి చూడాలి, అవి ఒకప్పుడు ఉత్తరాలు వేసుకోవడానికి వచ్చినవాళ్ల మీద నీడ పరిచిన స్తంభాలు. లోపలికి వెళ్లి తల పైకెత్తితే గుమ్మటం మొదలయ్యే చోట చుట్టూ బంగారు రంగు అక్షరాలు తిరిగి ఉంటాయి. రోమ్‌లో పేతురు బసిలికా గుమ్మటం చుట్టూ ఉన్నవి లాటిన్ అక్షరాలు. ఇక్కడున్నవి పోలిష్‌లో.